లెక్కల ముచ్చట్లు: అమ్మమ్మకు బేరింగు ఉత్తరం

పిల్లలూ,

ఈ నెల లెక్క చెప్పేముందు, నా చిన్నతనంలో నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను.

ఆరవ తరగతి చదివే రోజుల్లో నేను మా అమ్మమ్మకు ఉత్తరం రాశాను. నేను వేసిన బొమ్మలు కూడా నాలుగు మడిచి అదే కవరులో పెట్టాను. కవరు లావెక్కింది. అయినా మామూలు ఉత్తరానికి అతికించినట్టే ఒక్క తపాలా బిళ్ల అతికించి పోస్టు డబ్బాలో వేశాను. తూచి చూడాలన్న సంగతి నాకు తట్టనే లేదు.

అది బేరింగు ఉత్తరమై అమ్మమ్మ ఇంటికి చేరింది. బేరింగు అంటే, పంపినవాడు పూర్తిగా చెల్లించని ఉత్తరమన్నమాట. తగ్గిన సొమ్ముకు రెట్టింపు, ఉత్తరం అందుకునేవారి దగ్గర వసూలు చేసేవారు. ఆ పూట అమ్మమ్మ చేతిలో చిల్లర లేదు. పక్కింటివారిని అడిగి తెచ్చి పోస్టుమానుకు ఇచ్చింది. సెలవులకు వెళ్ళినప్పుడు నన్ను కోప్పడలేదు. "బొమ్మలు బాగున్నాయిరా. ఈసారి మాత్రం తూచి పంపు నాయనా!" అన్నది. ఆ మాట నేను ఇప్పటికీ మరచిపోలేదు.

మరి ఏ ఉత్తరానికి ఎంత అతికించాలి? మన దేశంలో సాధారణ ఉత్తరానికి 20 గ్రాముల వరకు 5 రూపాయలు. ఆ పైన ప్రతి 20 గ్రాములకూ, లేదా అందులో కొద్ది భాగానికైనా, ఇంకో 5 రూపాయలు. అంటే 18 గ్రాముల ఉత్తరానికి 5 రూపాయలు, 21 గ్రాములకు 10, 45 గ్రాములకు 15 అన్నమాట. రేట్లు మారుతూ ఉంటాయి గనక, పంపేముందు పోస్టాఫీసులో తూయించి అడగటం మంచిది.

ఆ మొత్తమంతా ఒకే బిళ్లగా ఉండనక్కరలేదు. చిన్న బిళ్లలు నాలుగైదు కలిపి అతికించినా, కూడిక సరిపోతే చాలు. ఇక్కడే మన లెక్క మొదలవుతుంది.

మీ సొరుగులో 3 రూపాయల బిళ్లలూ, 4 రూపాయల బిళ్లలూ కావలసినన్ని ఉన్నాయనుకోండి. వేరే బిళ్లలు లేవు. వాటితో ఏయే మొత్తాలు సరిగ్గా చెయ్యగలరు? కాగితం తీసుకుని వేసి చూడండి.

1, 2 రావు. 3, 4 వస్తాయి. 5 రాదు! ఒక్క బిళ్ల చాలదు. రెండు పెడితే కనీసం 6 అవుతుంది. చూశారా తమాషా! సొరుగు నిండా బిళ్లలున్నా, మామూలు ఉత్తరానికి కావలసిన 5 రూపాయలే రావు. ఒక రూపాయి ఎక్కువ పెట్టి రెండు 3 రూపాయల బిళ్లలు అతికించాలి, లేదా 5 రూపాయల బిళ్ల కొని తెచ్చుకోవాలి.

ఇక ఆ పైన చూడండి:

6 = 3 + 3
7 = 3 + 4
8 = 4 + 4

వరుసగా మూడు సంఖ్యలు వచ్చాయి. ఇక బెంగ లేదు. వీటికి ఒక్కొక్క 3 రూపాయల బిళ్ల చేర్చండి: 9, 10, 11 వస్తాయి. మళ్ళీ చేర్చండి: 12, 13, 14. ఇలా ఎంత దూరం పోయినా ఒక్క సంఖ్య కూడా తప్పిపోదు. కాబట్టి 10 రూపాయల ఉత్తరానికి 3 + 3 + 4. 15 రూపాయల దానికి 3 + 4 + 4 + 4.

రాని మొత్తాల్లో అన్నిటికన్నా పెద్దది 5. దాన్ని కనుక్కోవటానికి ఒక సులువున్నది. 3, 4 గుణిస్తే 12, కూడితే 7, 12 లోనుంచి 7 తీసేస్తే 5! రెండు విలువలకూ 1 తప్ప వేరే సామాన్య భాజకం లేనప్పుడు ఈ సూత్రం పనిచేస్తుంది. అదే 4, 6 రూపాయల బిళ్లలైతే? రెండూ సరిసంఖ్యలే గనక, ఎన్ని కలిపినా బేసి మొత్తం ఎన్నటికీ రాదు. 15 రూపాయలు సరిగ్గా చెయ్యలేరు.

ఇలాటి లెక్కలను 1880 దశకంలో ఇంగ్లాండు గణిత శాస్త్రజ్ఞుడు జేమ్స్ జోసెఫ్ సిల్వెస్టర్ కూడా పరిశీలించాడు.

బిళ్లలు అతికించేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. కవరు మీద కుడివైపు పైమూలన, ఒకదాని పక్కన ఒకటి అతికించండి. ఒకదాని మీద ఒకటి ఎక్కనివ్వకండి. ఒకసారి ముద్ర పడిన బిళ్లను ఊడదీసి మళ్ళీ వాడటం తప్పు.

ఇప్పుడు మీ వంతు. మీ దగ్గర 4 రూపాయల బిళ్లలూ, 5 రూపాయల బిళ్లలూ మాత్రమే ఉన్నాయి. ఏయే మొత్తాలు రావు? వాటిలో పెద్దది ఏది? ముందు సూత్రం వాడకుండా ఒక్కొక్క మొత్తమూ వేసి చూడండి. ఆ తరవాత సూత్రంతో సరిచూసుకోండి.

లెక్క పూర్తయ్యాక, మీ అమ్మమ్మకో తాతయ్యకో ఒక ఉత్తరం రాయండి. బొమ్మ కూడా పెట్టండి. కాని, తూచి పంపండి!