తామర – ట్యూబు – తైలము



గృహదర్శనములకు వెళ్లినప్పుడు, ప్రార్థన ముగిసి మేము లేచు సమయమున తల్లులు మెల్లగా అడుగు మాట ఒకటున్నది: "అయ్యగారూ, ఈ దురదకు కాస్త నూనె ప్రార్థించి ఇవ్వండి." తొడల సందున, నడుము చుట్టును, చంకలలోను వచ్చు ఆ దురద చాలావరకు తామరయే. మచ్చ గుండ్రముగా ఉండును. అంచు ఎఱ్ఱగా ఉబ్బి పొట్టు రాలుచుండును, నడుమ కొంత తేటగా ఉండును. అది బూజు జాతి సూక్ష్మజీవి వలన వచ్చునది. రక్తము చెడుట వలన కాదు, పాపము వలన అంతకంటె కాదు. సిగ్గుపడి దాచుకొనుట వలననే అది ఒకరినుండి ఇంటిల్లిపాదికి ప్రాకుచున్నది.

ప్రార్థన మానుమని మేము చెప్పము. నూనెను నుదుటిమీద రాయండి, తామరమీద వద్దు. జిడ్డు, చెమ్మ ఉన్నచోటనే తామర పెరుగును. హిజ్కియా రాజు ప్రార్థన ఆలకింపబడిన తరువాత కూడ యెషయా అతని పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద వేయించెను గదా!

అసలు చిక్కు మందుల షాపులో "దురద ట్యూబు" అని అడిగి తెచ్చుకొను దానితో వచ్చుచున్నది. అటువంటి ట్యూబులు అనేకములలో స్టెరాయిడ్ కలిసియుండును. రెండు మూడు దినములలో దురద, ఎఱుపు తగ్గును గనుక ఇంటివారు సంతోషింతురు. అయితే స్టెరాయిడ్ బూజును చంపదు, దానితో పోరాడు చర్మపు శక్తిని అణచివేయును. మానగానే తామర మునుపటికంటె వెడల్పుగా లేచును, మరల అదే ట్యూబు కొందురు. నెలల తరబడి రాసిన వారికి తొడలమీద చర్మము పలుచబడి చారలు పడును, అవి మాసిపోవు. 2018లో కేంద్ర ప్రభుత్వము 14 రకముల స్టెరాయిడ్ లేపనములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని ఉత్తర్వు చేసినను, అడిగినవారికి ఇచ్చు షాపులు ఉన్నవి. కాబట్టి ట్యూబుమీది అక్షరములను చదువుకొను పిల్లలచేత చదివించండి. క్లోబెటసాల్, బెటామెథసోన్, మొమెటసోన్ అను పేర్లలో ఏది కనబడినను తామరకు దానిని వాడవద్దు.

ఏ కలుపు లేని క్లోట్రిమజోల్ 1 శాతము క్రీము చాలును. స్నానము చేసి, బాగుగా తుడిచి ఆరిన తరువాత, మచ్చ అంచు దాటి రెండు వ్రేళ్ల మేర పూటకొకసారి, దినమునకు రెండుసార్లు రాయాలి. మచ్చ పోయిన తరువాత కూడ రెండు వారములు మానరాదు. మనవారు ఇక్కడనే తప్పిపోవుచున్నారు. ఈ దినములలో మొండి తామర ఎక్కువైనది. రెండు మూడు వారములకు తగ్గుదల లేనియెడల చర్మవైద్యునియొద్దకు వెళ్లండి. చంటిబిడ్డలు, గర్భిణులు, షుగరు ఉన్నవారు, తలలోనో గోళ్లలోనో వచ్చినవారు మొదటనే వెళ్లవలెను. వెల్లుల్లి నూరి రుద్దుట, బ్లేడుతో గీకుట వద్దు, పుండ్లు పడును.

ఇంటిలో దురద ఉన్నవారందరు ఒకేసారి మందు మొదలుపెట్టాలి. తువ్వాలు ఎవరిది వారికే. లోదుస్తులు వేడినీట ఉతికి, తిరగవేసి ఎండలో ఆరవేయండి. మొలత్రాడు ఉన్నవారు తీసివేయండి, తడి మొలత్రాడు తామరకు పుట్టినిల్లు. బిగువు జీన్సు ప్యాంటుల సంగతి యౌవనస్థులకు చెప్పి చెప్పి మేము అలసితిమి. వదులైన నూలు బట్టలు మేలు.

మచ్చలన్నియు తామర కావు. లేవీయకాండము 13వ అధ్యాయములో యాజకుడు ఒక్క చూపుతో తేల్చక, సందేహమున్నవానిని ఏడు దినములు కనిపెట్టి మరల చూచెడివాడు. మచ్చ దురదపెట్టక, పాలిపోయి లేక ఎఱ్ఱబారి, ముట్టినను గిచ్చినను తెలియకయున్నయెడల కుష్ఠు అయియుండవచ్చును. ఏ క్రీమును రాయక ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి చూపించుకొనండి. మాత్రలు అక్కడ ఉచితముగానే ఇత్తురు.