మందుల పరిశోధనలో అపజయాలకూ లెక్క ఉండాలి

కొత్త మందుల అన్వేషణలోకి కృత్రిమ మేధ ప్రవేశించాక ఔషధ పరిశోధనశాలల్లో డేటా సైంటిస్టులకు గిరాకీ పెరిగింది కానీ, వారు చేసే పని ఏమిటన్న విషయంలో అపోహలు తొలగలేదు. కంప్యూటరు సాయంతో మందును పుట్టించే నిపుణులుగా వారిని భావించడం పరిపాటి. నిజానికి ఆ పనిలో సింహభాగం ప్రయోగ ఫలితాలను సేకరించడం, సరిచూడడం, వాటిలో ఏవి నమ్మదగినవో తేల్చడం. ఆ ఫలితాల్లో విఫలమైనవి లేకపోతే ఎంతటి కృత్రిమ మేధ నమూనా అయినా సరిగా నేర్చుకోలేదు.

2020లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు వెల్లడించిన హాలిసిన్ ఇందుకు చక్కని ఉదాహరణ. మధుమేహ చికిత్స కోసం అంతకుముందు పరిశీలించిన ఈ అణువుకు బాక్టీరియాను చంపే శక్తి ఉందని మెషీన్ లెర్నింగ్, అంటే గత ఫలితాల నుంచి పోలికలు గ్రహించి కొత్త అణువుల తీరును అంచనా వేసే గణన పద్ధతి, గుర్తించింది. శిక్షణ కోసం 2,335 అణువులను ఈ.కోలై బాక్టీరియాపై ప్రయోగించగా దాని పెరుగుదలను అడ్డుకున్నవి 120 మాత్రమే. పనిచేయని 2,215 అణువులే ఏది మందు కాదో నమూనాకు నేర్పాయి. తరువాత ఆ నమూనాతో 6,111 అణువులను జల్లెడ పట్టి, పైవరుసలో నిలిచిన 99 అణువులను పరీక్షిస్తే 51 పనిచేశాయి. అట్టడుగున నిలిచిన 63 అణువులను కూడా వదలకుండా పరీక్షిస్తే రెండే పనిచేశాయి. నమూనా కాదన్నవాటిని సైతం పరీక్షకు పెట్టినందువల్లే దాని తీర్పుపై నమ్మకం కుదిరింది.

ఇంతటి జాగ్రత్త అన్నిచోట్లా కనిపించదు. ఒకే మూల నిర్మాణం గల అణువులు శిక్షణలోనూ పరీక్షలోనూ చేరిపోతే, నమూనా తాను చూసినవాటినే గుర్తుపట్టి గొప్ప మార్కులు తెచ్చుకుంటుంది గానీ కొత్త రసాయన కుటుంబం ఎదురైతే తడబడుతుంది. అందుకే మూల నిర్మాణాల వారీగా అణువులను విడదీసి పరీక్షించే పద్ధతి వచ్చింది. ఒకే అణువును రెండు ప్రయోగశాలలు వేర్వేరు పరిస్థితుల్లో కొలిస్తే విలువలు మారతాయి కాబట్టి, కొలిచిన తీరు తెలియని అంకెను పక్కన పెట్టే అధికారం కూడా డేటా సైంటిస్టుకు ఉండాలి.

అయితే పరిశోధన పత్రికలు విజయాలకిచ్చే చోటు అపజయాలకివ్వవు. కంపెనీలు వాటిని వ్యాపార రహస్యాలుగా దాచుకుంటాయి. పంచుకున్న సమాచారం ఏం సాధించగలదో ప్రొటీన్ల నిర్మాణాన్ని అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ చూపింది. 1971లో మొదలైన ప్రొటీన్ డేటా బ్యాంకులో ప్రపంచ శాస్త్రవేత్తలు దశాబ్దాలపాటు జమచేసిన నిర్మాణాలే దానికి పునాది. దాని రూపకర్తలు డెమిస్ హసాబిస్, జాన్ జంపర్ 2024 రసాయనశాస్త్ర నోబెల్‌ను మరో శాస్త్రవేత్త డేవిడ్ బేకర్‌తో పంచుకున్నారు.

బల్క్ డ్రగ్స్ తయారీలో పేరుగాంచి, జీనోమ్ వ్యాలీకి నెలవైన హైదరాబాద్‌కు ఈ పాఠం బాగా వర్తిస్తుంది. ప్రైవేటు కంపెనీలకు రహస్యం అవసరమే కావచ్చు. ప్రజాధనంతో నడిచే భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ), కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) వంటి సంస్థల్లో ఆ అడ్డంకి చాలావరకు ఉండదు. కాబట్టి ప్రభుత్వ నిధులతో జరిగే ప్రతి ప్రయోగ ఫలితాన్ని, విఫలమైనదైనా సరే, కొలిచిన పరిస్థితులతో సహా ఒకే రూపంలో నమోదుచేసి పరిశోధకులందరికీ అందుబాటులో ఉంచడాన్ని నిధుల మంజూరుకు షరతుగా చేయాలి. ఖరీదైన కంప్యూటర్లు కొనడానికి ముందు జరగవలసిన పని ఇదే.