సున్న మనదే, శూన్యబోధయు మనదేనా?

సున్నను లోకమునకిచ్చిన జాతి మనదని వేదికలపై చెప్పుకొనుటకు మనకు నోరు చాలదు. 499లో ఆర్యభటుడు ఒక్కొక్క స్థానము దాని ముందరి స్థానమునకు పదిరెట్లని చెప్పెను. 628లో బ్రహ్మగుప్తుడు సున్నతో కూడిక, తీసివేతలకు నియమములు విధించెను. పావులూరి మల్లన గణితమును తెనుగు పద్యములలోనికి తెచ్చెను. ఇంతటి వారసత్వముగల దేశమున, నూటయైదు వ్రాయుమనిన బిడ్డ పలకపై 1005 వ్రాయుచున్నాడు!

ఆ బిడ్డను మందబుద్ధియని గద్దించు బోధకులను మేమొక్కటి యడిగెదము. నూరు వినబడినది, 100 వేసెను. అయిదు వినబడినది, 5 చేర్చెను. వినినది వినినట్లు వ్రాసినవానికి బుద్ధి లేదనుట యెట్లు? నూటయైదులో పదులు లేవని నాలుక చెప్పదు. ఆ మౌనమును పలుకునది వ్రాతలోని సున్న యొక్కటియే. దానిని చూపనివారిదే తప్పు.

ఒకటి మొదలు నూరువరకు వల్లె వేయించి, నోటుపుస్తకములు నింపించుట లెక్క నేర్పుట కాదు. కంఠపాఠము వలదని మేమనుట లేదు. ఎక్కములు నోటికి రావలసినవే. కాని అర్థము ముందు, ఆవృత్తి వెనుక.

ఇందులకు ధనమక్కరలేదు. చీపురుపుల్లలు చాలును. పది పుల్లలను దారముతో కట్ట కట్టనిండు. పది కట్టలను చేర్చి మోపు కట్టనిండు. పిదప మోపొకటియు, విడిపుల్లలైదును ముందుంచి, నడుమ కట్టలెన్నియని యడుగుడు. ఏమియు లేవనును. ఆ లేమికి గుర్తే సున్నయని అప్పుడు చెప్పుడు. చేతితో తెలిసినది చెవితో తెలిసినదానివలె జారిపోదు.

మన భాషయు తోడ్పడును. ఇరువదిమూడన్నను, పదమూడన్నను పదులు ముందు, ఒకట్లు వెనుక, వ్రాతయు నట్లే. ఆంగ్లపు థర్టీన్‌లో మూడు ముందు, పది వెనుక. ఇంటనున్న రాచబాటను విడిచి, అర్థమెరుగని మాటలతో అయిదేండ్ల పసివారికి లెక్క మొదలిడుట యేమి విజ్ఞత?

2026–27 నాటికి మూడవ తరగతి ముగియులోపల ప్రతి బిడ్డకును చదువు, లెక్కల పునాది కుదురవలెనని 2021లో కేంద్రప్రభుత్వము నిపుణ్ భారత్ పేర సంకల్పించెను. మంచిదే. కాని సంకల్పములు పుల్లలు కట్టవు. మహాశయులారా! నేటి సాయంకాలము పఠనమందిరమునుండి యింటికేగి, మీ బిడ్డ నెన్ని పుటలు నింపితివని యడుగకుడు. పదియన నేమో చూపుమనుడు. చూపలేనిచో, గద్దింపకుడు. ప్రక్కన కూర్చుండి తొలి కట్ట మీరు కట్టుడు.