తెఱవని పుటలు

ఇనుపపెట్టెలో దాచిన పట్టుచీర మడతలలోనే చివికిపోవునని మనకెల్లరకును తెలియును. కావుననే ఏడాదికొకసారి దానిని గాలికి ఆరవేసి, మడత మార్చి మరల పెట్టుచుందుము. కంప్యూటరులో దాచిన వస్తువులకును ఇట్టి సంరక్షణ యవసరమను సంగతి మాత్రము మనలో పెక్కురకు తోచదు. ఈ నెల మాకు వచ్చిన యొక జాబు ఆ మాటను జ్ఞప్తికి తెచ్చినది.

జాబు వ్రాసిన సోదరి స్టూవర్టుపురమువారు. ఇంచుమించు ఇరువదేండ్ల క్రిందట వారి అన్నగారు నాయనమ్మ ఫొటోలను, ఆమె చెప్పిన పాతకాలపు ముచ్చటలను కూర్చి పవర్‌పాయింటులో ఒక స్లైడుల ప్రదర్శనము తయారుచేసిరట. పవర్‌పాయింటు లేని బంధువులును చూడగలుగుటకై దానిని వెబ్ పుటగా మార్చి దాచిరి. మూలప్రతి పాత కంప్యూటరుతోపాటే పోయినది. ఇప్పుడు క్రొత్త కంప్యూటరులో తెఱువబోగా ఎడమప్రక్కన శీర్షికల పట్టిక కనబడుచున్నది గాని కుడిప్రక్కన స్లైడు రాదు. వచ్చినచోట తెలుగు అక్షరములకు మారుగా అర్థములేని ఇంగ్లీషు గుర్తులు కనబడుచున్నవి. నాయనమ్మ గొంతు వినబడదు. "ఆమె ఇప్పుడు లేదు. మా పిల్లలకు ఆ మాటలు వినిపింపగలమా?" అని సోదరి యడిగియున్నారు.

బాపట్లకును చీరాలకును నడుమ రైలుమార్గమున నున్న ఈ యూరి చరిత్ర ఎఱిగినవారికి ఈ ప్రశ్న బరువు తెలియును. నేరస్థ జాతుల చట్టము క్రింద ఎరుకలవారిని ఉంచుటకై సాల్వేషన్ ఆర్మీవారి యాజమాన్యమున ఈ వసతి ఏర్పడెను. నాటి మద్రాసు ప్రభుత్వమున సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్టు పేరే యూరికి పెట్టిరి. ఆ చట్టము 1952లో దేశమంతట రద్దయినను, దొంగలయూరను నింద తొలగుటకు చాలకాలము పట్టెను. జాషువాగారి కుమార్తె హేమలతా లవణముగారును ఆమె భర్త లవణముగారును ఇచ్చటివారి మేలునకై ఎంతయో పాటుపడిరి. ఈ యూరిని గూర్చి పోలీసులు వ్రాసిరి, దొరలు వ్రాసిరి, నవలాకారులు వ్రాసిరి. ఊరి యాడుది తన నోట చెప్పుకొన్న మాటలు అరుదు. అట్టివానిని పోనీయరాదు.

ఇక చికిత్సకు వత్తము. మొట్టమొదట ఉన్నదానినంతను మఱియొక పెన్‌డ్రైవులోనికి నకలు తీసి, ఆ నకలు మీదనే ప్రయత్నములు సేయవలెను. మూలమును ముట్టరాదు.

రెండవది. పవర్‌పాయింటు వెబ్ పుటగా దాచునప్పుడు ఒక చిన్న హెచ్‌టీఎమ్ ఫైలును, దాని పేరుతోనే ఫైల్స్ అని ముగియు నొక ఫోల్డరును పుట్టించును. స్లైడులు, బొమ్మలు, ధ్వని అన్నియు ఆ ఫోల్డరులోనే యుండును. హెచ్‌టీఎమ్ ఫైలు గుమ్మము వంటిది. సామాను గదిలో నున్నది. వాట్సాపులో ఫైలు నొకదానినే పంపినను, ఫోల్డరు పేరు మార్చినను, జిప్ మూట విప్పకయే తెఱచినను గుమ్మము మాత్రమే మిగులును. రెండును పాతపేర్లతో ఒక్కచోట నున్నవో లేవో చూచుకొనుడు. ఎమ్‌హెచ్‌టీ యను ఒంటి ఫైలైనచో ఈ చిక్కు లేదు. అన్నియు దానిలోనే యిమిడియుండును.

మూడవది. ఈ పుటలు ఆనాటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు నుద్దేశించి అల్లినవి. పట్టిక యొక చట్రమునను స్లైడు వేఱొక చట్రమునను నిలుచును. వానిని కలుపు లిపిని నేటి బ్రౌజరులు సరిగా గ్రహింపవు. మైక్రోసాఫ్టువారు ఈ విధముగా దాచు సౌకర్యమును పవర్‌పాయింటు 2010 నుండి తీసివేసిరి. 2022 జూనులో ఎక్స్‌ప్లోరరునకును సెలవిచ్చిరి. అయినను వారి ఎడ్జ్ బ్రౌజరు సెట్టింగులలో ఎక్స్‌ప్లోరరు పద్ధతి యొకటి నిలిపియుంచిరి. దానికి అనుమతినిచ్చి పుటను మరల తెఱచి చూడుడు. అదియు పనిచేయనిచో ఫోల్డరునే తెఱచి బొమ్మల నొక్కొక్కటిగా చూడవచ్చును; అవి సాధారణమైన ఫొటో ఫైలులే. పవర్‌పాయింటు 2003 గల పాత కంప్యూటరు ఎవరియింటనైన దొరకినచో, దానిలో హెచ్‌టీఎమ్ ఫైలును తెఱచి మరల స్లైడుల రూపమునకు మార్చుకొనవచ్చును.

నాల్గవది అక్షరముల చిక్కు. యూనికోడు రాకముందటి తెలుగు ఫాంటులు ఇంగ్లీషు అక్షరముల చోటుననే తెలుగు ఆకారములను కూర్చినవి. ఆ ఫాంటు లేని కంప్యూటరున అడుగునున్న ఇంగ్లీషు గుర్తులే బయటపడును. రాతలు చెడలేదు, ముసుగు మాత్రమే తొలగినది. ఆ ఫాంటునే సంపాదించి చేర్చినను, లేక యూనికోడులోనికి మార్చు సాధనమును వాడినను తెలుగు తిరిగి వచ్చును.

అయిదవది గొంతు. స్లైడు తెఱవగానే ధ్వని తనంతట మ్రోగుటను నేటి బ్రౌజరులు సాధారణముగా అడ్డుకొనును. ఫోల్డరులో వేవ్ మొదలగు ధ్వని ఫైలులు వెదకి, వీఎల్‌సీ వంటి దానితో నేరుగా వినుడు. పుట తెఱువకపోయినను గొంతు చెక్కుచెదరక యుండవచ్చును.

సోదరికి ఈ మాటలను ముందుగానే వ్రాసి పంపితిమి. వారము దినములకు బదులు వచ్చినది. ఫోల్డరు అన్నగారి పాత పెన్‌డ్రైవులో దొరకినదట. స్లైడులలో రెండింటి యక్షరములు ఇంకను కుదురలేదట గాని, ధ్వని దొరకినది. చిన్ననాడు హాజరు పలికిన సంగతి నాయనమ్మ చెప్పుచుండగా పిల్లలు నోరు మెదపక వినిరని వ్రాసిరి.

దొరకినదానిని మరల పోగొట్టుకొనకుండుటయే మిగిలిన పని. స్లైడులను పీడీఎఫ్‌గాను, ధ్వనిని ఎమ్‌పీ3గాను మార్చి, ఇంట నొకచోట, చుట్టముల యింట నొకచోట, ఇంటర్నెట్టు మీద నొకచోట దాచవలెను. ఏటేట సంక్రాంతికి ఇల్లు దులుపునాడు వానిని ఒకసారి తెఱచి చూడవలెను.

సోదరీమణులారా, మీ యిండ్లలోను తెఱవని పుటలు ఉండకపోవు. పెద్దలు మన నడుమ నున్నప్పుడే, అవి యేవో అడిగి తెలిసికొని తెఱచి చూడుడు.