బిడ్డ పంపకాల ఆస్తి కాదు



ఈ నెల విషయము చదువుటకు కష్టముగా ఉండవచ్చును. కాని మన సంఘములలో ఇటువంటి కుటుంబములు ఉన్నాయి గనుక వ్రాయక తప్పలేదు.

సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురము మెట్టనేల మనది. అదును తప్పితే శెనక్కాయ పంట చేతికి రాదు, బోరులో నీరు అందదు, అప్పు మాత్రము నిలిచిపోతుంది. అందుకే కదిరి వైపు నుండి ఎందరో తల్లులు ఇంటి పనులకు కువైట్‌కు వెళ్లారు. వారి కష్టార్జితముతో ఇక్కడ అప్పులు తీరాయి, ఇండ్లు లేచాయి. కాని కొన్ని ఇండ్లలో భార్యాభర్తల నడుమ ప్రేమ చల్లారింది. తల్లి ఆ దేశములో, తండ్రి ఈ దేశములో, బిడ్డ అవ్వ దగ్గర.

అటువంటి ఒక జంట కొంతకాలము క్రిందట మా యొద్దకు వచ్చింది. ఆమె నెల రోజుల సెలవు మీద వచ్చియున్నది. సంఘ పెద్దలతో కలిసి ప్రార్థన చేసి కూర్చున్నాము. "నేను పంపిన దుడ్లతోనే ఇల్లు కట్టినారు అయ్యగారూ, స్థలము మాత్రము మా అత్త పేరున ఉంది" అని ఆమె ఏడ్చింది. "సేద్యము చేసేది నేను, బిడ్డను సాకేది మా అమ్మ" అని అతడు అన్నాడు. సాయంత్రమునకు చేను అతనికి, ఇల్లు ఆమెకు అని మాట కుదిరింది. అప్పుడు ఒక పెద్ద "మరి పాప?" అని అడిగారు. "తండ్రి ఇక్కడే ఉన్నాడు గదా, అతని దగ్గరే ఉండనివ్వండి" అన్నాము. మూడవ తరగతి చదివే ఆ పాప గడప దగ్గర నిలబడి అంతా వింటున్నది. ఆమెను ఎవరూ ఏమీ అడుగలేదు. మేమును అడుగలేదు.

తల్లి తిరిగి వెళ్లిన తరువాత ఆ ఇంట ఆమె ఫోను ఎత్తుట మానేశారు. కొన్ని నెలలు ఆ బిడ్డ తల్లి గొంతు వినలేదు. ప్రియులారా, ఆ తప్పులో మాకు పాలున్నది. చేనుకు హద్దులు చూచినంత శ్రద్ధగా కూడ మేము ఆ బిడ్డను చూడలేదు.

మొదటి రాజుల గ్రంథము 3వ అధ్యాయములో సొలొమోను ఎదుట ఇద్దరు స్త్రీలు ఒకే బిడ్డ కొరకు వాదించిన సంగతి మీకు తెలియును. ఈ సంగతి చూపి, "నిజమైన తల్లివైతే నీవే వదులుకో" అని స్త్రీలతో చెప్పువారున్నారు. అది సరికాదు. బిడ్డ బ్రతుకు కొరకు తన హక్కు వదులుకొనుటకు సిద్ధపడిన ఆమెకే రాజు బిడ్డను అప్పగించాడు. ఎవరి హక్కు పెద్దది అని కాదు, ఎవరి చేతిలో బిడ్డ బ్రతుకునో అతడు చూచాడు.

మన దేశ చట్టము కూడ అదే అడుగుచున్నది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టము ప్రకారము బిడ్డ సాధారణముగా నివసించే చోటి జిల్లా కోర్టు, లేదా ఫ్యామిలీ కోర్టు, బిడ్డ క్షేమమును చూచి సంరక్షకుని నియమించును. బిడ్డకు తెలివి వచ్చిన వయస్సైతే ఆమె ఇష్టమును కూడ పరిగణించవచ్చును. సంఘ పెద్దల మాట కోర్టు తీర్పు కాదు.

పరదేశపు కాగితమును గూర్చి కూడ తెలిసికొనండి. 1975లో తిరుపతిలో వివాహమైన ఒక జంటలో భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్ర కోర్టులో విడాకులు తెచ్చుకొని మరల పెండ్లి చేసికొన్నాడు. ఆ విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. వారిది హిందూ వివాహ చట్టము. క్రైస్తవులమైన మనకు 1869 నాటి విడాకుల చట్టమున్నది. పరస్పర సమ్మతితో విడిపోవు మార్గము దానిలో 2001లో చేర్చబడినది. బిడ్డల విషయములో పరదేశపు కోర్టు ఉత్తర్వును గమనించినను బిడ్డ క్షేమమే ముఖ్యమని 2017లో సుప్రీంకోర్టు మరల చెప్పింది. ఒక దేశము నుండి మరొక దేశమునకు ఎత్తుకొనిపోబడిన పిల్లలను తిరిగి పంపుటకు 1980లో హేగ్‌లో కుదిరిన ఒప్పందములో మన దేశము చేరలేదు. కనుక తగవు పెరుగక ముందే మాట్లాడుకొనుట మేలు.

ఆస్తి మాట. తెల్ల కాగితము మీద పెద్దల సంతకాలతో ఇల్లు, చేను చేతులు మారవు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో రిజిస్టరు కావలెను. అత్తగారి పేరున ఉన్న స్థలమును ఆమె సంతకము లేకుండ మేము పంచినది వట్టి మాటే అయ్యింది. కువైట్‌లో ఉన్న అక్కచెల్లెళ్లారా, దుడ్లు బ్యాంకు ద్వారా పంపి రశీదులు దాచుకొనండి. స్థలము కొనుటకు ముందే ఎవరి పేరున అని తేల్చుకొనండి. మీ పక్షముగా ఇక్కడ ఒకరు వ్యవహరించవలెనంటే అక్కడి భారత రాయబార కార్యాలయములో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి, అది ఇక్కడికి చేరిన మూడు నెలలలోగా స్టాంపు వేయించవలెను. బిడ్డకు ఏమైన ఇయ్యదలచితే బిడ్డ పేరున రిజిస్టరు చేయించండి. కోర్టు నియమించిన సంరక్షకుడు కోర్టు అనుమతి లేకుండ దానిని అమ్మకూడదు.

లాయరుకు ఇచ్చుకొనలేమని దిగులుపడకండి. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములవారికి 1987 నాటి చట్టము ప్రకారము ఉచిత న్యాయ సహాయమున్నది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడుగవచ్చును.

మేము ఆ తండ్రి యొద్దకు మరల వెళ్లి, మా తొందరపాటును ఒప్పుకొన్నాము. ఇద్దరి తగవు ఇంకను తీరలేదు. కాని ఇప్పుడు ప్రతి శుక్రవారము, కువైట్‌లో తల్లికి సెలవు దొరికిన వేళ, ఆ పాప ఫోనులో ఆమెతో మాట్లాడుచున్నది.

పెద్దలారా, ఇటువంటి కూడికలో మొదట చేను గూర్చి కాదు, బిడ్డను గూర్చి అడుగండి. బిడ్డను ప్రక్కకు పిలిచి, భయము లేకుండ మాట్లాడనివ్వండి. ప్రభువు మీ గృహములను కాపాడును గాక. ఆమేన్.