ప్రైవేటు రాకెట్టు, ప్రభుత్వ పూచీ

ఇస్రోలో పనిచేసి బయటికి వచ్చి, 2018లో హైదరాబాద్‌లో స్కైరూట్ ఏరోస్పేస్‌ను స్థాపించిన పవన్‌కుమార్ చందన, నాగభరత్ డాకాల గురించి వచ్చిన కథనాల్లో అధికభాగం సాహసగాథలుగానే మిగిలిపోయాయి. వారి కృషి చిన్నది కాదు. 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి ఎగిరిన వారి రాకెట్టు విక్రమ్-ఎస్ 89.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరి, కక్ష్యలో ప్రవేశించే ఉద్దేశమే లేని ఉపకక్ష్య ప్రయోగంగా ముగిసింది. అంతరిక్షం 100 కిలోమీటర్ల వద్ద మొదలవుతుందనే కార్మన్ రేఖను పాటిస్తే అది అంతరిక్షానికి చేరనే లేదు. ఆ రేఖకు అంతర్జాతీయ ఒప్పందాల్లో చోటు లేదన్నదీ నిజమే.

పత్రికలు పట్టించుకోనిది పూచీ సంగతి. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ఆరో అధికరణం ప్రకారం ప్రైవేటు సంస్థల అంతరిక్ష కార్యకలాపాలకు సైతం ఆయా దేశాలే బాధ్యులు. 1972 నాటి బాధ్యతా ఒడంబడిక, అంతరిక్ష వస్తువు భూమిపై కలిగించే నష్టానికి, తప్పు రుజువు కాకున్నా, ప్రయోగించిన దేశమే పరిహారం చెల్లించాలంటుంది. ప్రయోగానికి తన భూభాగాన్ని గానీ, కేంద్రాన్ని గానీ ఇచ్చిన దేశం కూడా ఆ నిర్వచనంలోకే వస్తుంది కనుక శ్రీహరికోట నుంచి ఎవరు ప్రయోగించినా భారత్ తప్పించుకోలేదు. 1978లో కాస్మోస్ 954 ఉపగ్రహ శకలాలు కెనడాలో పడినప్పుడు సోవియట్ యూనియన్ చివరకు 30 లక్షల కెనడా డాలర్లు చెల్లించింది.

అమెరికా 1984లోనే ప్రైవేటు ప్రయోగాలకు చట్టం చేసింది. ఇక్కడ 2017 నాటి ముసాయిదా బిల్లు చట్టం కాలేదు. అనుమతులిచ్చే సంస్థ ఇన్-స్పేస్ 2020 నాటి కేంద్ర మంత్రివర్గ నిర్ణయంతో ఏర్పడింది, 2023 అంతరిక్ష విధానం కేవలం విధానపత్రం, 2024 మార్గదర్శకాల్లో బీమా ప్రస్తావన ఉన్నా వాటికి పార్లమెంటు చట్టపు బలం లేదు.

యాజమాన్యం మారినా పూచీ ప్రభుత్వం మెడకే చుట్టుకోవడం బోధన్ చెరకు రైతుకు తెలియనిది కాదు: నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా 2002లో ప్రైవేటుపరమైంది, 2015 డిసెంబరులో అక్కడి కర్మాగారం మూతపడింది, తెరిపించాలన్న డిమాండు మాత్రం సర్కారు గడపకే చేరింది. వాటా అమ్మకానికి ముందే తేల్చుకోవలసిన లెక్క అక్కడ ఆలస్యమైంది. రాకెట్ల విషయంలోనైనా బీమా పరిమితి ఎంత, దాన్ని మించిన నష్టాన్ని ఖజానా ఎంతవరకు భరిస్తుంది అన్నవాటిని పార్లమెంటు ముందుగానే చట్టంలో రాయాలి.