ఆగమనమా, అర్ధ క్రిస్మసా?

డిసెంబరు అడుగుపెట్టీ పెట్టకముందే మన ఊళ్ళలో "సెమీ క్రిస్మస్" మొదలవుతుంది. బడిలో ఒకటి, కార్యాలయంలో ఒకటి, వీధిలో మరొకటి. 25వ తేదీ వచ్చేసరికి కేకు మొహం మొత్తుతుంది. ఇందులో తప్పేముందని అడిగే మిత్రులకు నా జవాబిది: పండుగ ముందే చేసుకోవడం తప్పు కాదు, పండుగకు ముందు చేయవలసిన పనిని ఎగవేయడం తప్పు.

ఆ పనికి కేటాయించినదే ఆగమన కాలం, అంటే క్రిస్మస్‌కు ముందువచ్చే నాలుగు ఆదివారాలు. కతోలిక గురువులు ఊదారంగు వస్త్రాలు ధరిస్తారు. క్రీస్తు పుట్టిన రాత్రి దూతలు పాడిన స్తుతితో మొదలయ్యే గీతాన్ని ఆ ఆదివారాలలో పాడరు. 6వ శతాబ్దంలో, నేటి ఫ్రాన్సు ప్రాంతంలో, నవంబరు 11 మొదలు క్రిస్మస్ వరకు వారానికి మూడు రోజులు ఉపవసించేవారు. ఇదంతా దేవునితో తెగిన సంబంధాన్ని అతికించుకోవడానికే.

అతకడమెలాగ? ఇక్కడే మనం తెలివిగా తప్పించుకుంటాం. ప్రార్థనలో నాలుగు కన్నీటి బొట్లు రాలిస్తే చాలనుకుంటాం. మూడేళ్ళకొకసారి ఈ కాలపు మూడవ ఆదివారం చదివే లూకా సువార్త 3వ అధ్యాయం అలా అనదు. మేమేం చేయాలని జనం అడిగినప్పుడు, యోహాను రెండు అంగీలున్నవాణ్ణి ఒకటి లేనివానికి ఇమ్మన్నాడు. సుంకరిని అదనంగా వసూలు చేయవద్దన్నాడు. సైనికుణ్ణి జులుం మాని జీతంతో తృప్తిపడమన్నాడు. అన్నీ పొరుగువానికి చెల్లించవలసిన బాకీలే!

అయితే ప్రార్థన వద్దా అని కోపగించుకోకండి. కావాలి. కాని సోదరునికి నీపై విరోధముంటే కానుకను బలిపీఠం దగ్గరే వదిలి, ముందు వెళ్ళి సమాధానపడమన్నది యేసే (మత్తయి 5వ అధ్యాయం). తనకిచ్చే కానుకనే ఆయన ఆగమంటుంటే, మనం కేకుతో తొందరపడుతున్నాం.

నీతులు చెప్పడం తేలిక. పొలం గట్టు తగాదాలో మా అన్నయ్యతో నేను మాట మానేసి మూడు డిసెంబర్లు గడిచాయి. మూడేళ్ళూ గుడిలో ముందు వరుసలోనే కూర్చున్నాను. దేవుడెందుకు దూరమయ్యాడా అని మథనపడ్డాను. కారణం వెతకడానికి వేదాంతం అక్కరలేదు. అన్నయ్య ఇల్లు పక్క వీధిలోనే ఉంది.

ఈసారి సెమీ క్రిస్మస్‌కు పిలిచినవారికి రానని చెప్పను. కాని దానికి ముందు నేనెక్కవలసిన గుమ్మం ఒకటుంది. మీకూ ఒకటి ఉండే ఉంటుంది. అక్కడికి వెళ్ళివచ్చాకే కేకు.